మగ్గాన్ని కర్రలని రాసుకున్నారు

విజయవాడ వన్ టౌన్‌లో నేను పనిచేసే బట్టల కొట్టులో మధ్యాహ్నం పూట బేరాలు పల్చబడతాయి. పొద్దుటి నుంచి విప్పి చూపించిన చీరలన్నీ అప్పుడు మళ్ళీ మడతపెట్టి అరల్లో సర్దుతాం. కిందటి వానాకాలం అలా సర్దుతుంటే గోడ మీది టీవీలో వరద వార్తలు వస్తున్నాయి. ఏదో లంక ఊరి జనాన్ని పడవల్లో ఒడ్డుకు చేరుస్తున్నారు. కూతురి నిశ్చితార్థానికి చీరలు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ, "ఏటి మధ్యలో ఇళ్ళు కట్టుకోమని ఎవరు చెప్పారండీ వీళ్ళకి? ఏటేటా ఇదే గోల," అన్నాడు.

"మాదీ లంక ఊరేనండి," అన్నాను.

"అలాగా. మరి ఇప్పుడక్కడ లేరుగా. మంచి పని చేశారు."

మేమేదో ఆలోచించుకుని, మంచి రోజు చూసుకుని బయటికి వచ్చామని ఆయన అనుకున్నాడు. నేను ఇంకో మాట అనబోతుంటే కొట్టు యజమాని నా వంక చూశాడు. ఆ చూపు అర్థం కాకపోతే ఆ కొట్టులో ఇన్నేళ్ళు పనిచేయగలిగేదాన్ని కాదు. నోరు మూసుకుని చీర మడతపెట్టాను. ఆయనకు చెప్పలేకపోయింది రాసి పెడుతున్నాను.

మా ఊరు కృష్ణ రెండు పాయల మధ్య ఉండేది. చల్లపల్లి నుంచి ఆటోలో వచ్చి, కరకట్ట ఎక్కి దిగి, పడవలో చిన్నపాయ దాటితే మా రేవు. కరకట్ట అంటే వరద డెల్టా పొలాల మీద పడకుండా ఏటి పొడుగునా పోసిన మట్టిగట్టు. గట్టుకు అవతలి వాళ్ళకు అది కాపలా. మేము గట్టుకు ఇవతల, ఏటి వైపు వాళ్ళం. ఆ గట్టు పోయకముందు నుంచే మా ఊరుందని మా నాయనమ్మ చెప్పేది. ఎవరు ఉండమన్నారని అడిగితే చెప్పడానికి అదొక్కటే ఉంది నా దగ్గర. మేమున్నాక గట్టు వచ్చింది.

ఊళ్ళో ఎక్కువమంది పసుపు, కంద, అరటి వేసే రైతులు. పడమటి వీధి మాది, సాలెవాళ్ళది. అందరివీ గుంట మగ్గాలే. నేలలో నడుం లోతు గుంట తీసి, గుంట అంచున కూర్చుని, లోపల కాళ్ళతో తొక్కుతూ నేస్తారు. నాన్న పొద్దున ఆరింటికి గుంటలోకి కాళ్ళు దించితే, భోజనానికి తప్ప పైకి తీసేవాడు కాదు. ఏడాదిలో ఏ నెలలో ఏరెంత ఉందో నాన్న రేవుకు వెళ్ళి చూడక్కర్లేదు. గుంట అడుగు మట్టి అరికాళ్ళకు చల్లగా తగిలితే, "పైన ఎక్కడో వానలు పడ్డాయి," అనేవాడు. మర్నాడు ఏటిలో ఎర్రనీళ్ళు కనిపించేవి.

పడుగుకు గంజి పెట్టే రోజు మా వీధికి పండగలాంటిది. తెల్లవారగానే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నూలు పడుగు బారుగా సాచి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా నడుస్తూ గంజి పట్టించి కుంచెతో దువ్వేవారు. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కి తెగుతుంది. అందుకని ఆ పని అయ్యేదాకా వీధిలోకి ఎవరూ రాకూడదు. పాలాయన తన గేదెను అటు చివర తోటలోంచి తిప్పి తీసుకెళ్ళేవాడు. ఒకసారి కొత్తగా వచ్చిన పంచాయతీ ఉద్యోగి సైకిలు మీద నేరుగా పడుగులోకి వచ్చేశాడు. మా అమ్మ, ఎవరి మీదా గొంతెత్తని మనిషి, ఆయన్ని సైకిలు దింపి, తెగిన పోగులు ఒక్కొక్కటీ అతికేదాకా అరుగు మీద కూర్చోబెట్టింది. ఆయన అలాగే కూర్చున్నాడు.

నేను ఇంటర్ చదవడానికి రోజూ పడవ దాటాను. మా వీధి నుంచి అలా దాటి చదివిన మొదటి ఆడపిల్లను నేనే. వానాకాలంలో పుస్తకాలు నూనెగుడ్డలో చుట్టుకునేదాన్ని. ఆ తర్వాత అదే ఊళ్ళో, మా వీధిలోనే, ఆరిళ్ళ అవతలికి కోడలిగా వెళ్ళాను. ఆయనదీ మగ్గమే.

వరదలు మాకు కొత్త కాదు. నా చిన్నప్పటి నుంచి నాలుగైదు చూశాను. నీళ్ళు నెమ్మదిగా వచ్చేవి. ముందు పల్లపు తోటలు, తర్వాత రేవు దారి, తర్వాత వీధి. మగ్గం విప్పుకుని, పడుగు పోగులు దూర్చే అచ్చులూ, నూలూ అటక మీద పెట్టుకుని, కరకట్ట మీదికి వెళ్ళి నాలుగు రోజులు ఉండేవాళ్ళం. తిరిగొచ్చేసరికి ఇంట్లో జానెడు ఒండ్రు. తిట్టుకుంటూ ఎత్తి పోసేవాళ్ళం. ఆ ఏడు పసుపు బ్రహ్మాండంగా పండేది. ఏరు వచ్చేది, పోయేది. ఊరు ఉండేది.

ఆ లెక్క ఇసుకతో తప్పింది.

ఇసుక తవ్వేవాళ్ళు మొదట ఒక వేసవిలో వచ్చారు. చిన్నపాయలో నీళ్ళు మోకాలి లోతుకు తగ్గినప్పుడు తూములు వేసి, పైన మట్టి పోసి, ఏటికి అడ్డంగా బాట వేస్తామన్నారు. ఆ బాట మా లంకలో ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కాలి. అది మా బాబాయి పొలం. మా నాన్నకు ఒక్కడే తమ్ముడు. నేత వదిలేసి పసుపు వేసుకునేవాడు.

నాన్న ఆ సంగతి విని మగ్గం దిగి బాబాయి ఇంటికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

"ఒరేయ్, వాళ్ళు దారి వేస్తోంది మనకోసం కాదురా. మన ఒడ్డు తవ్వుకుపోవడానికి."

బాబాయి అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. తలెత్తలేదు. "ఎవరికోసం వేసినా దారి దారే అన్నయ్యా. నేనివ్వకపోతే పక్కవాడిస్తాడు. ఆ రోజు ఈ దారుంటే నీ మరదలు బతికేది."

పిన్నికి పురిటి నొప్పులొచ్చిన రోజు పడవ అవతలి ఒడ్డున ఉంది. పడవ వచ్చేదాకా రేవులోనే పడుకోబెట్టారు. వచ్చేసరికి పిన్నీ లేదు, బిడ్డా లేదు. బాబాయి ఆ మాట ఎత్తాక నాన్న ఇంటికి వచ్చి మళ్ళీ గుంటలోకి కాళ్ళు దించాడు.

దారి పడింది. ఊరంతా సంబరపడింది. మేమూ సంబరపడ్డాం, అబద్ధం ఎందుకు. ఊరు పుట్టాక మొదటిసారి ఆటో మా వీధిలోకి వచ్చింది. ఇసుక కాంట్రాక్టరు రామాలయానికి సున్నం వేయించాడు, పాలెంలోని చర్చికి మైకు సెట్టు ఇచ్చాడు. మా ఆయనా నేనూ రేకులు తీసేసి శ్లాబు వేసుకున్నప్పుడు ఆ రేవు ఇసుకే రెండు ట్రాక్టర్లు వాడుకున్నాం. ఊరికే తోలిచ్చారు. ఇసుక తోలిన మనిషికి నేనే మజ్జిగ ఇచ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకున్నా ఆ మజ్జిగ గ్లాసు నాకు అడ్డం వస్తుంది.

రెండో వేసవికి ట్రాక్టర్లు పోయి పెద్ద మిషన్లు వచ్చాయి. ఒడ్డు వెంబడి తవ్విన గోతుల్లో తాటిచెట్టు నిలువునా మునుగుతుంది. వానలు పడి ఏరు పారగానే ఒడ్డు విరిగిపడటం మొదలైంది. ముందు శ్మశానం పోయింది. పిన్నిని పెట్టిన చోటు కూడా అందులోనే ఉంది. తర్వాత ఊరికి దిగువనున్న పాలెం. చర్చి గోడ ఒక ఆదివారం, ప్రార్థన అయి జనం బయటికొచ్చిన కాసేపటికి, ఏట్లోకి ఒరిగిపోయింది. చూడటానికి ఊరంతా వెళ్ళాం. మాకు నేతకు నూలు కండెలు చుట్టిపెట్టే ఒకామె పాలెంలో ఉండేది. అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ ఇల్లు చర్చి పక్కనే. సామాన్లు బయట వేసుకుంటోంది. నేనూ రెండు బిందెలు మోసి ఇంటికి వచ్చేశాను.

మా వీధిలో ఆ సాయంత్రం అందరూ అనుకున్న మాట ఒకటే. "వాళ్ళది పల్లం. మనది మెరక."

నాన్న మాత్రం అర్జీ రాయమన్నాడు. నేనే రాశాను. మా వీధిలో పదిహేను మంది సంతకాలు పెట్టారు. పాలెంలో అందరూ పెట్టారు. నాన్నా నేనూ మండలాఫీసుకు తీసుకెళ్ళాం. అక్కడున్న అధికారి చదివి పక్కన పెట్టాడు.

"పెద్దాయనా, ఏరు ప్రభుత్వానిది. ఇసుక ప్రభుత్వానిది. మధ్యలో మీ అభ్యంతరం ఏమిటి?"

"ఊరు మాదండి," అన్నాడు నాన్న.

"పరిశీలిస్తాం." 

మూడు నెలల తర్వాత పరిశీలించడానికి ఒకాయన వచ్చాడు. కాంట్రాక్టరు జీపులోనే వచ్చాడు. జీపు దిగకుండా ఒడ్డు చూసి వెళ్ళాడు. ఆ జీపు వెనక కొంతదూరం పరిగెత్తాను. నా వయసు అప్పుడు నలభైకి దగ్గర. ఇద్దరు పిల్లల తల్లిని. చీర కుచ్చిళ్ళు పట్టుకుని జీపు వెనక పరిగెత్తడం నా పిల్లలు చూశారు. ఆ అవమానం ఇప్పటికీ తీరలేదు.

ఊరు పోయిన ఏడాది వరద ముందరి వాటికంటే పెద్దదేం కాదు. ఈ మాట ఎంతమందికి చెప్పినా నమ్మరు. ఎగువన వానలు పడ్డాయి, బ్యారేజీ గేట్లు ఎత్తారు, ఎప్పటిలాగే మైకులో చాటారు. ఎప్పటిలాగే మేము రెండు రోజుల టైముందనుకున్నాం. పొద్దున పదింటికి నాన్న మగ్గం మీద ఉన్నాడు. సగం నేసిన చీర ఉంది, పసుపు రంగు, ఎర్ర అంచు. నేను అమ్మకు సాయం చేయడానికి అప్పుడే వెళ్ళాను.

"అమ్మాయ్, ఇటు రా," అని పిలిచాడు నాన్న. గొంతులో ఏ మార్పూ లేదు.

వెళ్ళి చూస్తే గుంటలో పాదాల మీదికి నీళ్ళున్నాయి. వీధి పొడిగా ఉంది. నీళ్ళు కింద నుంచి ఊరుతున్నాయి. గోతులు ఊరి కిందిదాకా వచ్చేశాయని అప్పుడర్థమైంది. నాన్న కత్తెర అడిగాడు. నేసినంత వరకూ చీర కత్తిరించి, చుట్టి అమ్మకిచ్చాడు. అచ్చు విప్పుతుంటే నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి.

"నాన్నా, వదిలేయ్."

"అచ్చు ఒక్కటీ తీసుకుంటే ఎక్కడైనా మగ్గం వేసుకోవచ్చే."

అచ్చు తీసుకునే బయటికొచ్చాం. మట్టిబాట అప్పటికే కొట్టుకుపోయింది, మా ఆయన పిల్లలను ముందే పడవెక్కించాడు. మధ్యాహ్నానికి అందరం కరకట్ట మీద ఉన్నాం. పడమటి వీధి ఇళ్ళు విరిగిపడటం అక్కడి నుంచే చూశాం. నీళ్ళు ఎక్కి మునగడం కాదు అది. ఇంటి కింద నేల జారిపోయి, ఇల్లు నిలువునా కిందికి దిగిపోవడం. మా శ్లాబు ఇల్లు అందరి ఇళ్ళ కంటే ముందు పోయింది, బరువెక్కువ కదా. ప్రాణాలు ఎవరివీ పోలేదు. అందుకే మాది పేపర్లో చిన్న వార్త.

కట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్న రోజుల్లో మనుషులు చాలామంది వచ్చారు. పులిహోర పొట్లాలు తెచ్చి, ఇస్తున్నట్టు పట్టుకుని ఫొటో తీయించుకుని, సరిగా రాలేదని మళ్ళీ వెనక్కి తీసుకుని ఇంకోసారి ఇచ్చారు. అలా మా అమ్మ ఒకే పొట్లం మూడుసార్లు తీసుకుంది. కండెల అక్క కుటుంబం మాకంటే ముందు నుంచీ ఆ కట్ట మీదే ఉంది, చర్చి పోయినప్పటి నుంచి. మాకు చోటివ్వడానికి తన గుడిసె కొంచెం పక్కకు జరుపుకుంది.

"అప్పుడు మేము మీ మాట పట్టించుకోలేదు అక్కా," అన్నాను.

ఆవిడ పొయ్యి ఊదుతూనే చెప్పింది. "వచ్చారు, చూశారు, రెండు బిందెలు మోశారు, వెళ్ళారు. మీకూ మీ ఇంటిపనులుంటాయిగా. కూర్చో, టీ తాగుదువుగాని."

తిట్టి ఉంటే బావుండేది.

నష్టం రాసుకోవడానికి ఒకతను వచ్చాడు, చేతిలో ఫారాలతో. పక్కా ఇల్లు, పూరిల్లు, గేదెలు, మేకలు, కోళ్ళు, పంట. అన్నిటికీ గడులున్నాయి. నాన్న వంతు వచ్చింది.

"ఇల్లండి, మగ్గమండి," అన్నాడు నాన్న.

"మగ్గానికి గడి లేదు పెద్దాయనా."

"అదే మా పొలమండి. అదే మా గేదె."

అతను చెడ్డవాడు కాదు. కలం చెవి మీద పెట్టుకుని నిజంగానే ఆలోచించాడు. "మగ్గం అంటే దేంతో చేస్తారు?"

"టేకు. వేప కూడా వాడతాం."

"అయితే ఇతర సామానులో కర్రలు అని రాస్తా. ఏదో ఒకటి రావాలిగా మీకు."

"కర్రలు కాదండి," అన్నాడు నాన్న. మా తాత చేయించిన మగ్గం అది. అరవై ఏళ్ళ పైగా ఆడిన మగ్గం. "కర్రలు కాదండి," అని మళ్ళీ అన్నాడు. ఈసారి అతనికి వినపడలేదు. వెనకున్న మనిషిని పిలిచాడు.

నేను ఆ ఫారం లాక్కుని చించేశాను. తప్పే. అతని తప్పేమీ లేదు. కానీ అప్పటికి నాకు అందినది ఆ కాగితం ఒక్కటే. జీపు అందలేదు, మిషన్లు అందలేదు, అర్జీ పక్కన పెట్టిన చెయ్యి అందలేదు. మా ఆయన నా రెండు చేతులూ పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. అతను ఇంకో ఫారం తీసి, అదే రాసుకున్నాడు.

కరకట్ట అవతల, రోడ్డు పక్కన మెరక పోసి కాలనీ కట్టారు. ఒక గది, వంటకు మూల, ముందు మూరెడు వసారా. కింద అంతా సిమెంటు. గుంట తవ్వుతానంటే పునాది కదులుతుందన్నారు. నాన్న తెచ్చుకున్న అచ్చు చూరు కింద వేలాడదీశాడు. ఏ పనీ లేక వసారాలో కూర్చునేవాడు. కూర్చున్నప్పుడు కాళ్ళు రెండూ ఆడుతూ ఉండేవి, ఒకదాని తర్వాత ఒకటి.

మేము పిల్లల్ని తీసుకుని విజయవాడ వచ్చేశాం. మా ఆయనకు ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపులో పని దొరికింది. చేతిలో పనితనం ఉంది కాబట్టి తొందరగానే నేర్చుకున్నాడు. ఒకరోజు అన్నం తింటూ, "ఇవాళ ఇసుక లారీ సీటు కుట్టాను," అన్నాడు.

నేను వడ్డించడం ఆపేశాను. "మన ఏటిదేనా?"

"సీటు కింద నిండా ఇసుకే. ఎవరి ఏటిదో నాకేం తెలుసు."

"మీరు కుట్టకుండా ఉండాల్సింది."

"నేను కుట్టకపోతే పక్కవాడు కుడతాడు."

"బాబాయి కూడా అదే అన్నాడు. నేను దారివ్వకపోతే పక్కవాడిస్తాడని."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత ఫీజులు కట్టాల్సి వచ్చింది, మాట్లాడుకున్నాం. ఇప్పటికీ ఇసుక లారీలు వస్తాయి, ఆయన కుడతాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పడు. నేనూ అడగను. మమ్మల్ని అలా చేశారన్నదే నా కోపం. మా ఊరిని తవ్వి మోసుకుపోయిన లారీల్లో డ్రైవరు మెత్తగా కూర్చోవడానికి మేమే కుట్టిపెట్టాలి.

కాలనీకి వెళ్ళిన మూడో ఏడు నాన్న పోయాడు. జబ్బేమీ చెప్పలేదు డాక్టరు. పగలు పన్నెండింటికి పాడె కట్టారు. బాబాయి అదే కాలనీలో, రెండు వరసల అవతల ఉంటున్నాడు. ఆయన పొలమూ మొత్తం పోయింది. దారి ఇచ్చిన చోటు నుంచే ఏరు మొదటి కోత కోసింది. ఊరు పోయాక నాన్న ఆయనతో మాట్లాడలేదు. ఆ రోజు కండువా భుజాన వేసుకుని వచ్చి, పాడె ముందు కొమ్ము పట్టుకోబోయాడు.

"మీరు పట్టొద్దు బాబాయ్," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మీరు అనడం అదే మొదలు. బాబాయి చెయ్యి తీశాడు. ఆయన ఏమన్నా అంటే ఇంకా నాలుగు మాటలు అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

లోపల్నుంచి అమ్మ వచ్చింది. "పట్టనీవే," అంది. "తోడబుట్టినవాడు."

"ఊరంతా పోవడానికి దారిచ్చింది ఈయనేనమ్మా."

"ఆ దారమ్మట మనం ఆటో ఎక్కలేదా? నువ్వు శ్లాబు వేయలేదా?" అంది అమ్మ. పది మందిలో, నాన్న పాడె పక్కన. "నీ కోపం ఎవరి మీద చూపించాలో వాళ్ళు ఇక్కడికి రారు. వచ్చినవాడి మీద చూపిస్తున్నావు. జరుగు."

నేను జరిగాను. బాబాయి పాడె పట్టాడు.

అమ్మ చెప్పింది నిజమే. కాంట్రాక్టరు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. జీపు దిగని ఆయన రిటైరయ్యాడని విన్నాను. వాళ్ళు నా ఎదురుగా ఎప్పటికీ రారు. నిజమని తెలిసినంత మాత్రాన బాబాయి మీద కోపం పోలేదు. నా మీద నాకున్నదీ పోలేదు. పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు. ఈ కోపం కూడా పోతే, అక్కడొక ఊరుండేదని చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగలదు.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ప్రతి ఆదివారం పొద్దున బాబాయి నా ఫోనుకు చేస్తాడు. అమ్మకు ఫోను లేదు. "వదిన ఉందా అమ్మా?" అంటాడు. నేను ఏమీ మాట్లాడకుండా తీసుకెళ్ళి అమ్మ చేతికిస్తాను.